తాతయ్య అడిగిన ప్రశ్న: డ్రీమ్ థియేటర్ కథా ఆల్బంలలో కథ పాటలోనే తెలుస్తుందా?

ప్రశ్న: పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు మూలాపేటలో ఉంటాను. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ మిత్రుడు ఒకడు రాత్రి పూట తన హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టి, "మధ్యలో ఆపకుండా మొత్తం విను" అన్నాడు. ఆ నాటి నుంచి డ్రీమ్ థియేటర్ అనే అమెరికన్ రాక్ బృందం సంగీతం వింటూనే ఉన్నాను. ఆ రాత్రి నేను విన్నది 1999 అక్టోబరులో విడుదలైన ‘మెట్రోపొలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’. రెండు అంకాలు, 9 దృశ్యాలు, 12 పాటలు కలిపి 77 నిమిషాల పాటు సాగే ఒకే కథ అది. చెన్నైలో ఉద్యోగం చేసిన మూడేళ్ళూ పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని, నెల్లూరులో బండి కదలగానే దీనిని మొదలుపెట్టేవాడిని. సూళ్ళూరుపేట దగ్గరపడేసరికి పూర్తయ్యేది.

తెలియనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. నికొలస్ అనే యువకుడిని ఒక స్త్రీ కలలలో కనిపిస్తూ వెంటాడుతుంది. అతడు హిప్నాసిస్ చేసే వైద్యుని దగ్గరకు వెళ్ళి, ఆ మత్తులో తన గత జన్మను చూస్తాడు. ఆ జన్మలో తాను విక్టోరియా పేజ్ అనే యువతి అనీ, 1928లో హత్యకు గురయ్యాననీ తెలుసుకుంటాడు. జూలియన్, ఎడ్వర్డ్ అనే అన్నదమ్ములిద్దరూ ఆమెను ప్రేమించారు. జూలియన్ ఆమెను కాల్చి తానూ కాల్చుకున్నాడని ఆనాటి పత్రిక రాసింది. నిజానికి ఇద్దరినీ చంపి, పత్రికకు సాక్ష్యం చెప్పినవాడు సెనేటర్ అయిన ఎడ్వర్డే. ఈ జన్మలో ఆ ఎడ్వర్డే నికొలస్‌కు వైద్యం చేస్తున్న వ్యక్తి.

మొన్న సంక్రాంతికి ఇంట్లో అందరం చేరినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక మేడ మీద మా తాతయ్యకు ఈ కథ చెప్పాను. ఆయన హరికథలంటే ప్రాణం పెట్టే మనిషి. బాలసుబ్రహ్మణ్యం గారి తండ్రి సాంబమూర్తి గారి హరికథలను నెల్లూరులో నేల మీద కూర్చుని విన్నానని ఇప్పటికీ చెప్పుకుంటారు. కథంతా విని, "ఆ పిల్లను చంపినవాడు చివరికి ఏమయ్యాడు?" అని అడిగారు. వైద్యుడై పుట్టాడని చెప్పగానే, "అయితే ఆ రుణం ఇంకా తీరలేదన్నమాట" అన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగిన మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. "ఆ సంగతి పాట వింటే తెలుస్తుందా, లేక నువ్వు ఎక్కడో చదివి వచ్చి చెబితేనే తెలుస్తుందా?"

నేను చదివే తెలుసుకున్నాను. పాతికసార్లు విన్నా నాకై నాకు తట్టలేదు. కాబట్టి ఇక్కడి పెద్దలను అడుగుతున్నాను. ఈ బృందం ఆల్బంలలో కొన్ని స్వరాలు, కొన్ని మాటలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయని నాకు తెలుసు. ఆ పునరావృత్తి కథను నిజంగా చెబుతున్నదా, లేక అలంకారం మాత్రమేనా? మద్యపానం మానడం గురించి ఐదు ఆల్బంలలో విడివిడిగా వచ్చిన ఐదు పాటలను ఒకే కృతిగా భావించవచ్చునా? 2016లో వచ్చిన ‘ది ఎస్టోనిషింగ్’లో కథ ఇంతకన్నా చాలా పెద్దదైనా నా మనసుకు ఎందుకు పట్టడం లేదు?

సమాధానం: మిశ్రచాపు (ఒంగోలు)

పెన్నా ఒడ్డు గారికి నమస్కారం. ఒంగోలులో మృదంగం నేర్పడం నా వృత్తి. పదేళ్ళ క్రితం నా శిష్యుడొకడు ఈ ఆల్బంలోని ఒక వాద్య రచనను తీసుకువచ్చి, "దీనికి తాళం వేసి చూపించండి గురువుగారూ" అని అడిగాడు. అలా నాకు ఈ బృందంతో పరిచయం కలిగింది.

ముందుగా మీ తాతయ్య గారి ప్రశ్న. ఆ సంగతి పాటలోనే తెలుస్తుంది. ఇంకా చెప్పాలంటే, పునరావృత్తి వల్ల మాత్రమే తెలుస్తుంది. "నేనే ఎడ్వర్డును" అని ఆ వైద్యుడు ఎక్కడా చెప్పడు. చివరి పాట ‘ఫైనల్లీ ఫ్రీ’ని మరొకసారి శ్రద్ధగా వినండి. 1928 నాటి హత్య జరుగుతున్నప్పుడు, తుపాకి చప్పుళ్ళ మధ్య, ఎడ్వర్డ్ విక్టోరియాతో కళ్ళు తెరవమంటాడు. పాట ముగిసి, నికొలస్ కారులో ఇంటికి వచ్చి, టీవీలో వార్తలు వింటూ గ్రామఫోను రికార్డు పెట్టుకున్నాక, గదిలోకి వచ్చిన వైద్యుడు నికొలస్‌తో అనేది కూడా అదే మాట. పేరు మాత్రమే మారింది. ఆ వెంటనే ఒక అరుపు, ఆపైన రికార్డు గీసుకుంటున్న గరగర. ఒకే వాక్యం రెండు నోళ్ళలో వినిపించడంతో ఇద్దరూ ఒక్కరేనని శ్రోతకు బోధపడుతుంది. వైద్యుడు రోగిని మత్తు నుంచి లేపేటప్పుడు ఆ మాట అనడం సహజమే కాబట్టి మొదటిసారి వినేవారు దానిని పట్టించుకోరు. రచయితల నేర్పు అక్కడే ఉంది. మీకు తట్టకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు, ఎందుకంటే ఆ రెండవ మాట వచ్చేసరికి మనం పాట అయిపోయిందనుకుని చెవిని సడలించి ఉంటాము.

దీనికి తోడుగా మరొకటి గమనించండి. ‘వన్ లాస్ట్ టైమ్’ అనే పాటలోని పల్లవి అక్కడ ప్రేమికుల వీడ్కోలులాగా వినిపిస్తుంది. అదే పల్లవి ‘ఫైనల్లీ ఫ్రీ’లో హత్యా దృశ్యం దగ్గర తిరిగి వచ్చినప్పుడు, ఆ "చివరిసారి" అన్న మాట నిజంగానే చివరిసారి అని అర్థమై గుండె బరువెక్కుతుంది. స్వరం మారలేదు, మాట మారలేదు. చుట్టూ ఉన్న సందర్భం మారింది. మంచి హరిదాసు మొదట ఆనందంగా పాడిన పల్లవినే కథ మలుపు తిరిగాక గొంతు దించి పాడితే సభంతా కంటతడి పెడుతుంది. మీ తాతయ్య గారికి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది.

ఇక ఈ స్వరాలలో కొన్ని 1999వి కావు. 1992లో వచ్చిన ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’లో ‘మెట్రోపొలిస్ పార్ట్ 1: ది మిరకిల్ అండ్ ది స్లీపర్’ అనే పాట ఉంది. దానికి రెండవ భాగం రాయాలన్న ఉద్దేశమే అప్పట్లో లేదు. గిటారిస్టు జాన్ పెట్రూచి సరదాకు "మొదటి భాగం" అని చేర్చాడు. రెండవ భాగం ఎప్పుడని అభిమానులు ఏళ్ళ తరబడి అడగగా, 1996లో దాదాపు 20 నిమిషాల వాద్య రచనగా ఒక నమూనా సిద్ధం చేశారు. 1997 నాటి ఆల్బంలో దానికి చోటు దక్కలేదు. చివరకు అదే ఒక పూర్తి ఆల్బమై పెరిగింది. అందువల్ల ‘ఓవర్చర్ 1928’లోనూ, ‘హోమ్’లోనూ, ‘ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’లోనూ పాత పాటలోని స్వరబంధాలు తొంగిచూస్తుంటాయి. ఆ పాత పాటలోని ‘మిరకిల్’ ఇక్కడ ఎడ్వర్డ్, ‘స్లీపర్’ జూలియన్. పాత పాట తెలిసినవారికి అవి వినగానే "దీనిని ఇంతకుముందు ఎక్కడో విన్నాను" అన్న భావన కలుగుతుంది. కథలో నికొలస్ అనుభవిస్తున్నదీ సరిగ్గా అదే. గత జన్మ గురించిన ఆల్బం తన గత జన్మలోని స్వరాలను గుర్తు చేసుకుంటున్నది. నన్ను ఈ ఆల్బానికి కట్టిపడేసిన విషయం ఇదే.

నా శిష్యుడు తెచ్చినది ‘ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’. ఆరు నిమిషాల పై చిలుకు వాద్య రచనలో లయ వందసార్లకు పైగా మారుతుంది. ఏడు, ఐదు, ఆరు, నాలుగు, మళ్ళీ ఏడు. మధ్యలో పాత అమెరికన్ రాగ్‌టైమ్ పియానో ఒకటి నవ్వుతూ వచ్చి పోతుంది. నేను మొదట చేతితో తాళం వేయబోయి నాలుగు నిమిషాలకే ఆపవలసి వచ్చింది. మన పద్ధతిలో తాళం నిలకడగా ఉంటుంది, దాని లోపల జతి (నోటితో పలికే లయ పలుకులు), గతి (నడక) మారుతుంటాయి. వీరి దగ్గర తాళపు ఆవృత్తమే, అంటే ఒక చుట్టు నిడివే, మారిపోతుంది. కాబట్టి చేయి వేస్తే అందదు, నోటితో చెప్పాలి. తకిట తకధిమి, తకతకిట, తకిట తకిట, అని గిటారు పలికే పదబంధాన్నే జతిగా చెప్పుకుంటూ వెళితే మొత్తం అందుతుంది. నేనూ నా శిష్యుడూ కలిసి వరండాలో కూర్చుని, ఆపుకుంటూ వెనక్కు తిప్పుకుంటూ, లెక్కల కాగితం మీద దానిని జతులలో రాసుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది.

ఏడక్షరాల నడక మనకు కొత్తది కాదు. మిశ్రచాపును శ్యామశాస్త్రి గారు ఎంత లోతుగా వాడారో, దానినే తిప్పి నాలుగు మూడుగా విలోమచాపులో ఎలా నడిపించారో సంగీతం నేర్చినవారందరికీ తెలుసు. ఆయన పూర్వీకులది మన ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని కంభం ప్రాంతమే. త్యాగరాజస్వామి వారి ఇంటిపేరైన కాకర్ల కూడా ఆ ఉమ్మడి జిల్లాలోని గ్రామమే. ఏడును మూడు నాలుగుగా విరిస్తే ఒక భావం, నాలుగు మూడుగా విరిస్తే మరొక భావం అన్న సూక్ష్మం డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ వాయించే తీరులో కూడా కనిపిస్తుంది.

ఆల్బంల మధ్య ఉన్న ముడి గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1999 ఆల్బం చివరనున్న ఆ గరగర శబ్దంతోనే 2002 నాటి ‘సిక్స్ డిగ్రీస్ ఆఫ్ ఇన్నర్ టర్బులెన్స్’ మొదలవుతుంది. దాని చివర మోగే వాద్యబృంద ధ్వనితో 2003 నాటి ‘ట్రైన్ ఆఫ్ థాట్’ మొదలవుతుంది. దాని చివరి పియానో స్వరంతో 2005 నాటి ‘ఆక్టవేరియం’ మొదలవుతుంది. మన అలంకారశాస్త్రంలో దీనికి ముక్తపదగ్రస్తమని పేరుంది. విడిచిన పదాన్నే అందుకుని తరువాతి పాదం మొదలుపెట్టడం. అయితే ‘ఆక్టవేరియం’ తన చివరను తరువాతి ఆల్బానికి అందించకుండా, మొదట తాను అందుకున్న ఆ స్వరానికే తిరిగి వచ్చి వలయం మూసేస్తుంది. అది వారి 8వ ఆల్బం, అందులో 8 పాటలు. ఒక్కొక్క పాట ఆధార శ్రుతి ఒక్కొక్క మెట్టు పైకెక్కి, ఎనిమిదవ పాట మొదటి పాట శ్రుతికే పై స్థాయిలో చేరుతుంది. స నుంచి పై స దాకా నడిచినట్లే. 24 నిమిషాల చివరి పాటలో 5 భాగాలున్నాయి. పియానో మీద ఒక స్థాయికి 8 తెల్ల మెట్లు, 5 నల్ల మెట్లు ఉంటాయి కదా, ఆ లెక్క.

మద్యపానం గురించిన ఐదు పాటల మీద నాకంటే అనుభవం ఉన్నవారు చెబితే బాగుంటుంది.

సమాధానం: తూర్పుగాలి (కావలి)

మిశ్రచాపు గారు నా కోసమే వదిలిపెట్టినట్లున్నది కాబట్టి రాస్తున్నాను. మొదటే చెబుతున్నాను, నేను సంగీతం నేర్చినవాడిని కాను. ఈ ఐదు పాటలను నేను మా నాన్నగారి కారణంగా విన్నాను.

పాటల వరుస ఇది. 2002లో ‘ది గ్లాస్ ప్రిజన్’, 2003లో ‘దిస్ డైయింగ్ సోల్’, 2005లో ‘ది రూట్ ఆఫ్ ఆల్ ఈవిల్’, 2007లో ‘రిపెంటెన్స్’, 2009లో ‘ది షాటర్డ్ ఫోర్‌ట్రెస్’. వెంట వెంటనే వింటే దాదాపు 57 నిమిషాలు పడుతుంది. పోర్ట్‌నాయ్ 2000లో తాగుడు మానేశాడు. మద్యానికి బానిసలైనవారు బయటపడటానికి 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం 12 మెట్ల మార్గాన్ని చూపిస్తుంది. ఆ 12 మెట్లనే అతడు ఐదు పాటలలోని 12 భాగాలుగా రాశాడు. మొదటి పాటలో మూడు మెట్లు, ఆపైన రెండేసి చొప్పున మూడు పాటలు, చివరి పాటలో మూడు. 12 భాగాల పేర్లూ ఆంగ్లంలో ఒకే అక్షరంతో మొదలవుతాయి. మొదటి మెట్టులో మనిషి తాగుడు ముందు తాను నిస్సహాయుడినని ఒప్పుకుంటాడు. చివరి మెట్టులో, తనలాగే పడిపోయిన మరొకరికి చేయి అందిస్తాడు.

ఇది ఒకే కృతియా అని మీరు అడిగారు. నా ఉద్దేశంలో ఒకే కృతి. ఏడేళ్ళ పాటు ఐదు ఆల్బంలలో చెదిరి ఉండటమే దాని రూపం. తాగుడు మానడం ఒక్క రోజు పని కాదు. మధ్యలో ఇల్లు గడవాలి, ఉద్యోగం చేయాలి, పండుగలు, పెళ్ళిళ్ళు రావాలి, వాటి మధ్య ఒక్కొక్క మెట్టు ఎక్కాలి. ఆల్బంలోని మిగతా పాటల మధ్య ఈ పాట ఒకటి వచ్చినప్పుడు నాకు అలాగే అనిపిస్తుంది. మొదటి పాటలోని గిటారు వాయింపు తరువాతి పాటలలో మళ్ళీ తలెత్తుతుంది. కోరిక తగ్గిందనుకున్నాక ఒక సాయంత్రం ఉన్నట్టుండి తిరిగి వచ్చినట్లు. చివరి పాటలో ముందరి నాలుగింటి స్వరాలూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కానీ అక్కడ అవి భయపెట్టవు. ఆ మనిషి వాటిని లెక్క చూసుకుంటున్నట్లు ఉంటుంది. పదవ మెట్టు చెప్పేది కూడా తనను తాను ఎప్పటికప్పుడు లెక్క చూసుకోమనే.

మా నాన్నగారు నలభై ఎనిమిదేళ్ళ వయసులో మానేశారు. ఎనిమిదవ మెట్టులో, తన తాగుడు వల్ల ఎవరెవరు బాధపడ్డారో వారందరి పేర్లూ రాసుకోవాలి. ఆయన మా పాత ఇంటి ఖర్చుల పుస్తకంలో, సరుకుల లెక్కలు రాసిన పేజీల వెనుక, నీలం పెన్నుతో ఆ పేర్లు రాశారు. మొదటి పేరు అమ్మది, రెండవది నాది, మూడవది వీధి చివర కిరాణా కొట్టు ఆయనది. కొన్ని పేర్ల పక్కన చిన్న గీత ఉంటుంది, అంటే వెళ్ళి క్షమించమని అడిగి వచ్చారన్న గుర్తు. గీత లేని పేర్లలో ఇద్దరు అప్పటికే పోయారు. ‘రిపెంటెన్స్’ పాట ఈ ఎనిమిది, తొమ్మిది మెట్ల గురించినదే. మిగిలిన నాలుగూ వేగంగా, గట్టిగా సాగితే ఇది నెమ్మదిగా, తలవంచుకుని నడుస్తుంది. అందులో ఒక చోట పాట పక్కకు తప్పుకుని, వేరే వేరే బృందాలకు చెందిన సంగీతకారులు తమ జీవితంలో తాము నొప్పించినవారికి క్షమాపణ చెప్పుకుంటారు. ఓపెత్ అనే బృందం గాయకుడు మికాయెల్ ఆకెర్‌ఫెల్డ్, సంగీతకారుడు స్టీవెన్ విల్సన్, గిటారిస్టు జో సాట్రియాని వంటివారి గొంతులున్నాయి. పాడరు, మాట్లాడతారు. నేను ఆ భాగం విన్న ప్రతిసారీ ఆ పుస్తకమే కళ్ళ ముందు కనిపిస్తుంది.

మన నెల్లూరు జిల్లాలో ఈ విషయానికి ఒక చరిత్ర ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీదకు వెళ్ళారు. రోసమ్మ గారి పేరు తెలియని ఇల్లు లేదు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. మా అమ్మ ఆ రోజులు చూసిన మనిషి. ఉద్యమంలో పుట్టిన పాటలలో తాగేవాడి భార్య మాట్లాడుతుంది, కూలి డబ్బులు మాట్లాడతాయి, ఆకలిగా ఉన్న పిల్లలు మాట్లాడతారు. అవి చాలా అవసరమైన పాటలు. తాగేవాడి లోపల ఏమి జరుగుతున్నదో చెప్పిన పాట నాకు మన దగ్గర దొరకలేదు. ఈ ఐదు పాటలలో నాకు అది దొరికింది. ఇంటి బయట నిలబడి ఒకటి, ఇంటి లోపల నుంచి ఒకటి విన్న తరువాతనే మా నాన్నగారిని పూర్తిగా అర్థం చేసుకోగలిగాను.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

తూర్పుగాలి గారూ, మీరు రాసినది చదివి చాలాసేపు తిరిగి ఏమీ రాయలేకపోయాను. ఆ పుస్తకం గురించి చెప్పినందుకు కృతజ్ఞతలు. మిశ్రచాపు గారూ, ‘ఫైనల్లీ ఫ్రీ’ వెంటనే పెట్టుకుని విన్నాను. రెండు చోట్లా అదే మాట. ఇన్నేళ్ళూ ఆ రెండవ మాట దగ్గర హెడ్‌ఫోన్ తీసేస్తున్నానని ఇప్పుడు తెలిసింది.

‘ది ఎస్టోనిషింగ్’ గురించి కూడా ఎవరైనా చెబుతారని ఎదురుచూస్తున్నాను.

సమాధానం: పద్యనాటకం (కందుకూరు)

నేను ‘ది ఎస్టోనిషింగ్’ను ఎంతో ఇష్టపడే వ్యక్తిని. దానిని ఒక్కసారి విని పక్కన పెట్టేవారిని చాలామందిని చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కథ 2285 నాటిది. ఉత్తర అమెరికా ఒక మహాసామ్రాజ్యంగా మారి, మనుషులు పాడటం, వాయించడం మరచిపోయారు. నోమాక్స్ అనే ఎగిరే యంత్రాలు చేసే రొద మాత్రమే సంగీతంగా మిగిలింది. రేవెన్‌స్కిల్ అనే మారుమూల ఊరిలో గేబ్రియల్ అనే యువకుడికి పాడే శక్తి పుట్టుకతో వచ్చింది. చక్రవర్తి నఫేరియస్ అతడిని చూడటానికి వస్తాడు, చక్రవర్తి కూతురు ఫెయిత్ అతడిని ప్రేమిస్తుంది. గేబ్రియల్ అన్న, ఆ అన్న కొడుకు, యువరాజు, ఒక ద్రోహం, ఒక మరణం, అన్నీ ఉన్నాయి. రెండు డిస్కులలో 34 భాగాలు, రెండు గంటల పది నిమిషాల నిడివి. కథ పెట్రూచిది, వాద్యబృంద రచనకు డేవిడ్ క్యాంప్‌బెల్ సహాయం చేశాడు.

దీనిని ముందుగా కథ చదవకుండా వింటే పట్టు దొరకదు. అది లోపమని చాలామంది అంటారు. నాకు అలా అనిపించదు. మా నాన్నగారు పద్యనాటకాలలో వేషాలు వేసేవారు. కందుకూరులో రాత్రంతా జరిగే నాటకానికి వచ్చే జనంలో కురుక్షేత్ర కథ తెలియనివాడు ఒక్కడూ ఉండడు. అర్జునుడు ఏమి చేయబోతున్నాడో తెలుసుకోవడానికి ఎవరూ రారు, ఈ నటుడు ఈ పద్యాన్ని ఎలా ఎత్తుకుంటాడో, ఎక్కడ రాగం తీస్తాడో వినడానికి వస్తారు. కథ ముందే తెలియడం వల్ల చెవి మొత్తం పాట మీదకు పోతుంది. ఈ ఆల్బం విషయంలో బృందమే కథను, పాత్రల బొమ్మలను, రాజ్యపటాన్ని ప్రచురించింది. అవి ముందు చూసి, తరువాత ఒక్కొక్క అంకాన్ని ఒక్కొక్క రోజు వినండి.

అప్పుడు నోమాక్స్ భాగాలను గమనించండి. మొత్తం ఐదుసార్లు ఆ యంత్రపు రొద కొద్దిసేపు, అర నిమిషం నుంచి నిమిషంన్నర దాకా, వచ్చి పోతుంది. దానిని పాట కాదని దాటవేసేవారు కథలోని ప్రధాన పాత్రనే దాటవేస్తున్నారు. చివరలో, గొంతు పోగొట్టుకున్న గేబ్రియల్‌కు మళ్ళీ గొంతు రావాలని, పాడటమే మరచిపోయిన జనమంతా కలిసి పాడతారు. ఆ పాట పేరు ‘హిమ్ ఆఫ్ ఎ థౌజండ్ వాయిసెస్’. ఆ తరువాత కొద్దిసేపటికి యంత్రాలు ఆగిపోతాయి. రెండు గంటలు ఆ రొద భరించినవారికే ఆ నిశ్శబ్దం విలువ తెలుస్తుంది.

మిశ్రచాపు (ఒంగోలు)

పద్యనాటకం గారి మాటలో బలం ఉంది. కథ ముందే తెలియడం గురించి ఆయన చెప్పినదానిని పూర్తిగా ఒప్పుకుంటాను. అయినా ఒక అభ్యంతరం మిగిలే ఉంది. పద్యనాటకంలో అర్జునుడికి ఒక గొంతు, దుర్యోధనుడికి మరొక గొంతు ఉంటాయి. ఇక్కడ పాత్రలన్నీ బృందపు గాయకుడు జేమ్స్ లబ్రీ ఒక్కడే పాడాడు. హరికథలో కూడా దాసు ఒక్కడే కదా అంటే, ఆయనకు ఒళ్ళు ఉంది, కాలి గజ్జె ఉంది, చిడతలు ఉన్నాయి, అటు తిరిగి ఒకరు ఇటు తిరిగి ఒకరు అవుతాడు. రికార్డులో ఆ వీలు లేదు. 1999 ఆల్బంలో విక్టోరియా కోసం గాయని థెరీసా థామసన్ గొంతును అవసరమైన చోట తెచ్చుకున్నారు. ఆ జాగ్రత్త 2016లో ఇంకా ఎక్కువ అవసరమైనది.

ఒకే గాయకుడితో పలు పాత్రలను నిలబెట్టడం వీరికి చేతకాదని కాదు. ‘సిక్స్ డిగ్రీస్’ రెండవ డిస్కు మొత్తం 42 నిమిషాల ఒకే రచన, మానసిక రుగ్మతలతో బాధపడుతున్న ఆరుగురి కథలు అందులో ఉన్నాయి. ఉన్మాదానికీ కుంగుబాటుకీ మధ్య ఊగే ఒక స్త్రీ, యుద్ధం నుంచి తిరిగి వచ్చినా యుద్ధం తలలోంచి పోని ఒక సైనికుడు, తన లోకంలో తానుండే ఒక పిల్లవాడు, ఇలా. అక్కడ గాయకుడు ఒక్కడే, కానీ సైనికుడికి బరువైన గిటారు నడక, ఆ పిల్లవాడికి అకౌస్టిక్ గిటారు మీద తేలికైన, ఎండలా వెచ్చని బాణీ ఇచ్చారు. మొదటి పూర్వరంగంలోనే ఈ బాణీలన్నీ వినిపించి, చివరన మళ్ళీ చేర్చారు. మనిషిని గొంతుతో కాక బాణీతో గుర్తుపట్టేలా చేశారు. ‘ది ఎస్టోనిషింగ్’లో మీ మనసుకు పట్టనిది ఇదేనని నా అనుమానం. అందులో మెత్తని పాటలు చాలా దగ్గర దగ్గర పోలికలతో ఉంటాయి.

పోర్ట్‌నాయ్ 2010లో బృందాన్ని విడిచి 2023లో తిరిగి చేరాక వచ్చిన ‘పారాసోమ్నియా’ (2025) కూడా వినవలసినదే. నిద్రలో కలిగే రుగ్మతలే అందులోని విషయం. కథ ఒకటే కాకపోయినా విషయం ఒకటే, స్వరాలు ఒక పాట నుంచి మరొక పాటలోకి వెళుతుంటాయి.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. పద్యనాటకం గారు చెప్పిన పద్ధతిలో ‘ది ఎస్టోనిషింగ్’ మొదటి అంకం నిన్న విన్నాను. రెండవది ఈ ఆదివారం వింటాను, విన్నాక ఇక్కడే రాస్తాను.

ఈ ఉదయం తాతయ్యను కూర్చోబెట్టి ముందుగా 1992 నాటి పాట, తరువాత ‘ఓవర్చర్ 1928’, ఆపైన ‘ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ వినిపించాను. ఏమి వెతకాలో చెప్పలేదు. ‘ఓవర్చర్’ మొదలవగానే పడక కుర్చీ చేతి మీద వేలు ఆడించి, "ఇది ఇందాకటిదే" అన్నారు. ‘డాన్స్’లో మాత్రం గుర్తుపట్టలేదు, "తాళం నిలవడం లేదు" అని చేయి తీసేశారు. మిశ్రచాపు గారు చెప్పినట్లు నోటితో జతి చెప్పుకోమన్నాను. రెండు నిమిషాలు ప్రయత్నించి, కాఫీ తాగి, "మళ్ళీ మొదటి నుంచి పెట్టు" అన్నారు.